బస్సు పైసలు కడుపులోకి

మొన్న చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాను. ఆ ఊరు వదిలి చాలా ఏళ్ళయింది. మధ్యలో హైదరాబాద్ రాకపోలేదు గానీ అవన్నీ పెళ్ళికో పరామర్శకో రావడాలు. కారులో దిగడం, కారులో పోవడం. ఈసారి ఒక్కణ్ణే వచ్చాను. వచ్చిన పని పొద్దున్నే అయిపోయింది, రాత్రి రైలుకి ఇంకా బోలెడు టైముంది. ఫోన్ చేస్తే నా పాత స్నేహితుడు యాదగిరి, "ఎంజీబీఎస్ స్టేషన్ల దిగు, కింద నిల్చుంట" అన్నాడు.

చిక్కడపల్లి తరవాత నారాయణగూడ, సుల్తాన్ బజార్, ఆ తరవాత ఎంజీబీఎస్. కూర్చుని కళ్ళజోడు తుడిచి పెట్టుకునేసరికే నారాయణగూడ వెనక్కి పోయింది. సుల్తాన్ బజార్ వచ్చేసరికి కిటికీకి ఎదురుగా పాత మేడల పైఅంతస్తులు కనిపించాయి. రంగు వెలిసిన చెక్క తలుపులు, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క, ఎవరిదో ఆరేసిన లుంగీ. ఆ బజారులో కొన్ని వందలసార్లు నడిచి ఉంటాను. వాటికి పైఅంతస్తులు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆ రోజే చూశాను. కింద నడిచేవాడి చూపు తోపుడుబండి ఎత్తు దాటి పైకి పోదు కదా. అందులోనూ మా ఇద్దరి చూపు బండి మీద ఏం వేగుతోందన్న దగ్గరే ఆగిపోయేది.

నేను మొదట ఈ నగరంలో దిగింది గౌలిగూడ బస్టాండ్‌లో. తెనాలి నుంచి రాత్రంతా కూర్చుని వస్తే, తెల్లారగట్ల బస్సు ఒక పెద్ద రేకుల గుహలోకి దూరింది. అర్ధచంద్రాకారంలో వంగిన కప్పు, లోపల డీజిల్ పొగ, ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో అరుస్తున్న కండక్టర్లు. విమానాల షెడ్డు అది. మిసిసిపీ హ్యాంగర్ అనేవాళ్ళు. నిజాం ప్రభుత్వం 1932లో ఇరవయ్యేడు బస్సులతో రవాణా మొదలుపెట్టిన నాటి నుంచీ బస్సులకు అదే ఇల్లట. ఇమ్లీబన్ బస్టాండ్ వచ్చాక దూరం బస్సులన్నీ అటు పోయాయి. 2018లో ఒకరోజు ఆ రేకుల కప్పు మొత్తం కూలిపోయిందని పేపర్లో ఫోటో చూశాను. ఆ సమయానికి లోపల ఎవరూ లేరు, అంతవరకు నయం. ఆ ఫోటో చూసి కాసేపు పేపరు మడిచి పక్కన పెట్టాను.

చిక్కడపల్లిలో ఒక సందులో ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. ఆ చుట్టుపక్కలంతా నాలాంటివాళ్ళే. పొద్దున లేస్తే సెంట్రల్ లైబ్రరీ ముందు క్యూ, చేతిలో పోటీ పరీక్షల నోట్సు, పక్కవాడి చేతిలో ఏ నోట్సు ఉందోనని టెన్షన్. నాకు పుత్లీబౌలి దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాసే పని దొరికింది. ఆఫీసు పేరు ఎందుకులెండి. ఒకటో తారీఖు ఇవ్వాల్సిన జీతం పదో తారీఖుకి సగం, ఇరవయ్యో తారీఖుకి మిగతా సగం ఇచ్చేవాళ్ళు. ఆ మిగతా సగం ఎప్పుడైనా ఇరవయ్యో తారీఖునే వచ్చిందా అంటే, జ్ఞాపకం లేదు.

యాదగిరి నా ఎదురు టేబులు. ఇల్లు శాలిబండ, చార్మినార్‌కి అవతల. పుట్టి పెరిగింది అక్కడే. వాడి నోట్లో తెలుగు, ఉర్దూ ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు ఆర్నెల్ల దాకా అంతు చిక్కలేదు. నన్ను "గుంటూరోడా" అనేవాడు. తెనాలి అని ఎన్నిసార్లు చెప్పినా సరే. వాడి లెక్కలో కృష్ణ దాటితే అంతా గుంటూరే.

ఒక నెల బస్ పాస్‌కి డబ్బుల్లేక, సాయంత్రం ఆఫీసు బయట స్టాపులో చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను. వాడొచ్చి చూశాడు.

"ఏంది భయ్, లెక్కలు ఆఫీసుల సరిపోలేదా?"

చెప్పాను.

"గంతేనా? కాళ్ళున్నయ్ కదా. నడుద్దాం పా. బస్సు పైసలు కడుపుల ఏద్దాం."

అలా మొదలైంది. వాడి ఇల్లు దక్షిణం, నా గది ఉత్తరం. అయినా ఆ రోజు నన్ను దింపడానికని కోఠీ, బడీచౌడీ, నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి దాకా వచ్చాడు. అంత దూరం వచ్చినవాణ్ణి ఒంటరిగా ఎలా పంపుతాం? మళ్ళీ వాణ్ణి దింపడానికి నేను కోఠీ దాకా వెళ్ళాను. అక్కడ "ఇంత రాత్రి ఒక్కడివి ఎట్ల పోతవ్" అని వాడు మళ్ళీ బయల్దేరబోతే కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

మందుల షాపువాళ్ళు ఊరికే ఇచ్చిన చిన్న డైరీ ఒకటి వాడి జేబులో ఉండేది. అందులో ఎడమ వైపు "నడక", కుడి వైపు "తిండి". ఎక్కని బస్సుకి మిగిలిన డబ్బు ఎడమ వైపు, దాంతో తిన్నది కుడి వైపు. ఆఫీసులో మేం రాసే లెక్కల కంటే ఇవే శుభ్రంగా ఉండేవి. ఒక్క ఇబ్బందేమిటంటే కుడి వైపు ఎప్పుడూ ఎక్కువే. ఆ తేడా వాడు పెట్టుకునేవాడు. నా పేర బాకీ రాసేవాడు.

* * *

ఇరానీ హోటల్ అంటే ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. హోటల్ అంటే మాకు ఇడ్లీ, పెసరట్టు, నీళ్ళగ్లాసులో వేళ్ళు ముంచి తెచ్చే కుర్రాడు. ఇక్కడ మూలమలుపులో రెండు వైపులా తెరిచిన పెద్ద హాలు. పాలరాతి పలక బల్లలు, నల్లబడిన చెక్క కుర్చీలు, గోడలకి మచ్చలుపడ్డ అద్దాలు. ఒక్క చాయ్ ముందు పెట్టుకుని ఉర్దూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే పెద్దమనుషులు. ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు.

లోపల పొయ్యి దగ్గర ఒకతను నిలబడి ఉండేవాడు. అతని పక్కన ఒక గిన్నెలో పాలు మరిగి మరిగి మీగడ రంగుకి వస్తూ ఉండేవి. ఇంకో గిన్నెకి గట్టిగా మూత బిగించి డికాక్షన్ మగ్గుతూ ఉండేది. పాలూ డికాక్షనూ కలిపి మరగపెట్టే పద్ధతే లేదు. ఎనిమిది, పది కప్పులు సాసర్లలో వరసగా పేర్చి, గరిటెతో ముందు అన్నిట్లోకీ పాలు పోసుకుంటూ పోయేవాడు, వెనక్కి వస్తూ డికాక్షన్. ఒక్క చుక్క బయట పడేది కాదు. సాసర్‌లోకి చాయ్ పడిందంటే అది వెయిటర్ పని. అతను ఒకే చేతి మీద ఆరు కప్పులు తెచ్చి బల్ల మీద టకటకా దించేవాడు.

"పౌనా చెప్పాల్నా?" అన్నాడు యాదగిరి మొదటి రోజు. అదేమిటో తెలియక సరే అన్నాను. ముప్పాతిక కప్పు, కాస్త గట్టి చాయ్. మా ఇంట్లో కాఫీ తాగడం వచ్చినవాడికి ఆ గట్టిదనం నచ్చింది. అడక్కుండానే ఒక ప్లేటులో ఆరు ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. నేను కంగారుగా, "మనం చెప్పలేదుగా?" అన్నాను. తిన్నన్ని తిని, తిన్నవాటికే డబ్బులు ఇవ్వాలట. మిగిలినవి పక్క బల్లకి పోతాయి. చాయ్‌లో ముంచితే అంచు తడిసి, నోట్లో ముందు ఉప్పు తగిలి, ఆ వెనక తీపి, చివరికి వెన్న. ఒక్క క్షణం ఎక్కువ ముంచామా, సగం కప్పు అడుక్కి పోయేది. దాన్ని చెంచాతో తవ్వుకుని తినడం ఇంకో సుఖం.

ఇద్దరం చెరి రెండు తిన్నాం. లేచేటప్పుడు వెయిటర్ వచ్చి ప్లేటు వైపు చూడకుండా, "కిత్నే?" అన్నాడు. నేను చప్పున "తీన్" అన్నాను. ఒక బిస్కెట్ పావలా మరి. జీతం రాని నెల.

యాదగిరి నా వైపు చూడను కూడా లేదు. "చార్" అన్నాడు.

వెయిటర్ అక్కడి నుంచే కౌంటర్ వైపు తిరిగి, హాలంతా వినపడేలా కేక పెట్టాడు. "ఆగే దో ఆద్మీ, సాడే తీన్!" ఈ ముందొచ్చే ఇద్దరి దగ్గర మూడున్నర తీసుకో అని దాని అర్థం. చీటీ లేదు, కాగితం లేదు. మా వెనక వస్తున్నవాడి లెక్క ఇంకో కేక. కౌంటర్ దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన ఏ కేక ఏ ముఖానిదో పొరపాటు పడటం నేనెప్పుడూ చూడలేదు.

బయటికొచ్చాక యాదగిరి అన్నాడు. "వాడు మనల్ని నమ్మి ప్లేట్ పెట్టిండు. ఇంట్ల అమ్మకి అబద్ధం చెప్పు, ఏం కాదు. గీడ చెప్పొద్దు."

* * *

ఆదివారాలు మాత్రం పెద్ద నడక. పొద్దున వాడు చిక్కడపల్లి వచ్చేవాడు. హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్. ఆబిద్ అనే ఆయన నడిపిన కొట్టు వల్ల ఆ చౌరస్తాకి ఆ పేరని యాదగిరి చెబితే నమ్మలేదు, తరవాత నిజమేనని తెలిసింది. ఆదివారం షాపులన్నీ మూసి ఉంటే, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు. గోనెపట్టాల మీద గుట్టలు. పదేళ్ళనాటి ఇంజనీరింగ్ పుస్తకం పక్కన ఎవరో అత్తగారికి ప్రేమతో ఇచ్చిన వంటల పుస్తకం. మొదటి పేజీల్లో సంతకాలు, "జన్మదిన శుభాకాంక్షలతో"లు చదవడం నాకు సరదా. యాదగిరికి పుస్తకాలంటే పెద్ద ఇష్టం లేదు. వాడు బేరం ఆడటానికే వచ్చేవాడు. నేను పరీక్షల పుస్తకం ఒకటి పట్టుకుని ఆశగా చూస్తుంటే, వాడు దాన్ని నా చేతిలోంచి లాక్కుని గుట్ట మీద పడేసి "ఏముంది దీంట్ల, చెదలు" అని పది అడుగులు నడిచేవాడు. వెనక నుంచి పిలుపు రావాలి. ఒక్కోసారి వచ్చేది కాదు. అప్పుడు ఏమీ తెలియనట్టు మళ్ళీ వెనక్కి పోవడం ఒక ప్రహసనం.

అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్. నల్లరాతి గోడలు, మధ్యలో గడియారం గోపురం. ఏడో నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో కట్టారు. మాకు అది పండ్ల ఐస్‌క్రీం కట్టడం. ఎండాకాలం మామిడి, చలికాలం ముందు సీతాఫలం. బయట ఇనప కుర్చీల మీద కూర్చుంటే గుండ్రటి గిన్నెలో తెచ్చిపెట్టేవాళ్ళు. సీతాఫలం ఐస్‌క్రీంలో ఒక్కోసారి గింజ కూడా తగిలేది. అది తగిలినవాడు అదృష్టవంతుడని యాదగిరి సిద్ధాంతం. అది ఖరీదైన సరుకు, నెలకి ఒక్కసారే, అదీ ఒక గిన్నె, రెండు చెంచాలు. నాకు గింజ తగలకుండా వాడు చెంచాతో వెతికి తీసుకునేవాడని ఇప్పటికీ నా అనుమానం.

ఆ పక్కనే జాంబాగ్‌లో అప్పుడు పూల మార్కెట్ ఉండేది. తరవాత గుడిమల్కాపూర్ తరలించారు. బంతిపూల గుట్టలు, తడిగోనెల్లో మల్లెలు, కాళ్ళ కింద నలిగి కుళ్ళిన కాడలు. ఐస్‌క్రీం తిన్న నోటితో ఆ వాసన పీలుస్తూ నడిచేవాళ్ళం. ఇప్పటికీ ఏ గుళ్ళోనైనా వాడిన పూలదండల బుట్ట పక్కన నిలబడితే నాకు దేవుడి కంటే ముందు సీతాఫలం ఐస్‌క్రీం గుర్తొస్తుంది. దేవుడు క్షమించాలి.

ఒక వానాకాలం సాయంత్రం మిర్చీ సంగతి జరిగింది. సుల్తాన్ బజార్‌లో బండి. ఇక్కడ మిరపకాయ బజ్జీలో చింతపండూ నువ్వులూ కలిపిన ముద్ద కూరతారు. ఒకసారి వేయించి, ముక్కలు కోసి, మళ్ళీ నూనెలో వేస్తారు. యాదగిరి బండివాడితో గొప్పగా, "వీడు గుంటూరోడు, జర మంచిది చూసి ఇయ్యి" అన్నాడు. నేను కాలర్ ఎగరేశాను. మాకు మిర్చి ఏమిటండీ, ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ తింటాం అన్నాను. బండివాడు ఏరి ఏరి సన్నటిది ఒకటి వేశాడు. రెండో ముక్కకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. మూడో ముక్కకి చెవులు మూసుకుపోయాయి. యాదగిరి నన్ను భుజం పట్టుకుని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మెట్లెక్కించాడు. 1901లో పెట్టిన గ్రంథాలయం అది, నిజాం రోజుల్లో తెలుగు చదువుకి నీడ ఇచ్చిన చోటు. నేను మాత్రం అక్కడ కుండలో నీళ్ళు నాలుగు గ్లాసులు తాగి, ఒక దినపత్రిక వెనకాల ముఖం దాచుకుని అరగంట ఎక్కిళ్ళు పెట్టాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చదవడం ఆపి, "ఏమయ్యా, ఇంట్లో ఎవరైనా తలుచుకుంటున్నారా?" అన్నారు. డైరీలో ఆ రోజు కుడి వైపు యాదగిరి ఇలా రాశాడు: మిర్చి రెండు ప్లేట్లు, పరువు ఒకటి.

* * *

అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ ఎక్కితే మూసీ వాసన ముందు వచ్చేది, మూసీ తరవాత. వంతెన మీద యాదగిరి ఎప్పుడూ ఆగేవాడు. ఒక వైపు హైకోర్టు గుమ్మటాలు, ఇటు ఉస్మానియా ఆసుపత్రి. ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఒకటి ఉందని, తుగ్యానీలో దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది బతికారని వాడు మొదటిసారి చెప్పినప్పుడు నేను "తుగ్యానీ ఏ ఊరు?" అన్నాను. ఊరు కాదు, 1908 సెప్టెంబరులో వచ్చిన వరద. పాతబస్తీ పెద్దవాళ్ళకి కాలం దాంతోనే మొదలవుతుంది. ఫలానా ఆయన తుగ్యానీకి ముందు పుట్టాడు, ఫలానా ఇల్లు తుగ్యానీలో పోయింది. ఆ దెబ్బకే గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు.

ఇవన్నీ వాడికి చెప్పింది నాయనమ్మ. వరదప్పుడు ఆమెకి ఐదారేళ్ళట. ఇంట్లోంచి ఇత్తడి బిందె ఒకటి దానంతటదే తేలుతూ గుమ్మం దాటి పోయిందని, దాని వెనకాల పోబోతే వాళ్ళ నాయన జుట్టు పట్టి లాగాడని చెప్పేది. చచ్చిపోయినవాళ్ళ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. బిందె సంగతే చెప్పేది.

మా ఆదివారం నడక చివరికి శాలిబండలో ఆమె దగ్గర తేలేది. పత్తర్‌గట్టీ, గుల్జార్ హౌజ్, చార్మినార్, మక్కా మసీదు పావురాలు, అన్నీ దాటి. అప్పటికి మా కడుపుల్లో చాయ్, బిస్కెట్లు, చిన్న ఉల్లిపాయ సమోసాలు, ఏ మసీదు పక్క సందులోనో కొన్న నాలుగు మూలల నాన్ రొట్టె. గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఎండల పడి వచ్చిండ్రు, ఏమన్న తిన్నరా బిడ్డా?" అనేది. యాదగిరి నా కాలు తొక్కేవాడు. "ఏం తినలే" అనాలి. వేడివేడి సర్వపిండి పెట్టేది, పైన నూనె మెరుస్తూ, పల్లీలు కరకరలాడుతూ. ఆమెకి అబద్ధం చెప్పడం కష్టమేమీ కాదు, తినడమే కష్టం.

ఆమె వాణ్ణి "యాదీ" అని పిలిచేది. పేరు పొట్టిచేసి పిలుస్తోందనుకున్నాను చాన్నాళ్ళు. ఒకసారి నాతో, "నీకు మీ అమ్మ యాదికొస్తలేదా బిడ్డా?" అన్నప్పుడు గానీ ఆ మాటకి ఇంకో అర్థం ఉందని తెలియలేదు.

రంజాన్ నెలలో ఒక రాత్రి ఆ ఇంట్లోనే పడుకుంటానని గదిలో చెప్పి వెళ్ళాను. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా పగల్లా ఉంది. లాడ్ బజార్ గాజుల వెలుగు రోడ్డు మీద పడుతోంది. ఇటుకలతో కట్టిన పొయ్యిల్లో గిన్నెలు గొంతుదాకా దించి, ఇద్దరిద్దరు మనుషులు పొడుగాటి చెక్క రోకళ్ళతో హలీం దంచుతున్నారు. ఒకరి రోకలి లేస్తే ఇంకొకరిది దిగుతోంది. దబ్, దబ్ అని ఆ చప్పుడు రోడ్డంతా ఒకే తాళంలో. గిన్నెలో చూస్తే నాకు గోధుమరవ్వ పాయసంలా కనిపించింది. పైన వేయించిన ఉల్లి, నెయ్యి, నిమ్మచెక్క. మాంసం ఏదీ అని చెంచాతో వెతుకుతుంటే యాదగిరి నవ్వాడు. "పొద్దట్నించి కొట్టిండ్రు భయ్, ఇంక యాడుంటది." ఆ రాత్రి రెండు ప్లేట్లు తిన్నాను. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, ఇది చదివితే తప్ప.

* * *

1990 డిసెంబరులో పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. పేపర్లో రోజూ పెరిగే అంకెలు. యాదగిరి ఆఫీసుకి రాలేదు. వాళ్ళింట్లో ఫోన్ లేదు, మా గదిలోనూ లేదు. సాయంత్రం పూట అఫ్జల్‌గంజ్ దాకా పోయి చూద్దామని నడిచాను, దారిలోనే పోలీసులు వెనక్కి పంపారు. నాలుగు రోజులు ఒక్కణ్ణే అదే దారిలో, కోఠీ నుంచి చిక్కడపల్లికి. ఏ బండి దగ్గరా ఆగలేదు. అసలు బండ్లే లేవు.

కర్ఫ్యూ కాసేపు సడలించిన రోజు మధ్యాహ్నం వాడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. చేతిలో కాగితం పొట్లం. "నాయనమ్మ పంపింది, గుంటూరోడు ఏం తిన్నడో అని" అన్నాడు. సర్వపిండి, చల్లారి గట్టిపడింది. ఇద్దరం మెట్ల మీదే కూర్చుని తిన్నాం. మా ఇరానీ హోటల్లో టోపీ ముసలాయన బాగానే ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడన్నాడు. ఇంక ఏమీ మాట్లాడుకోలేదు. వాడు మళ్ళీ టైముకి ఇల్లు చేరాలి. డైరీలో ఆ నెల ఎడమ వైపు, కుడి వైపు కూడా ఖాళీయే.

చాలా ఏళ్ళ తరవాత, 2007 ఆగస్టులో గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలిందని టీవీలో చూసినప్పుడు నేను రాయలసీమలో ఉన్నాను. ఆ చాట్ ముందు రోడ్డు మీద నిలబడి మేం ఎన్నిసార్లు తిన్నామో. ఫోన్ కలవడానికి గంట పట్టింది. "ఇంట్లనే ఉన్న" అన్నాడు. ఆ తరవాత ఇద్దరం కాసేపు ఊరికే పట్టుకుని ఉన్నాం.

నాకు గ్రూప్ పరీక్ష రాలేదు, బ్యాంకు వచ్చింది. అనంతపురం జిల్లాలో మొదటి పోస్టింగ్. వెళ్ళేరోజు యాదగిరి గౌలిగూడ బస్టాండ్‌కి వచ్చి, డైరీ తీసి లెక్క తేల్చాడు. నేను వాడికి పదకొండు రూపాయల పావలా బాకీ. జేబులో చెయ్యి పెట్టబోతే, "ఉండనీ. ఇస్తే మళ్ళ రావు" అన్నాడు.

* * *

ఎంజీబీఎస్ స్టేషన్ కింద స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా పోయింది. ఎడమ మోకాలికి పట్టీ. నన్ను చూడగానే అన్న మొదటి మాట, "టికెట్ ఎంత వెట్టినవ్?"

చెప్పాను.

"గీ జరంత దూరానికా? నడిచొస్తే రెండు చాయ్‌లు వస్తుండె కదా భయ్."

డైరీ ఏదని అడిగాను. పాత కాగితాలవాడికి వాళ్ళావిడ ఎప్పుడో వేసేసిందట. "కానీ బాకీ యాదుంది" అన్నాడు.

ఆటో పిలుస్తానంటే ఒప్పుకోలేదు. సాలార్‌జంగ్ మ్యూజియం పక్కనుంచి నడిచాం. ఒకప్పుడు పావుగంట దారి. ఇప్పుడు వాడి మోకాలికి మూడుచోట్ల ఆగాలి, నా ఆయాసానికి రెండుచోట్ల. ఆగిన ప్రతిచోటా ఎదురుగా ఒకప్పుడు ఏముండేదో వాడు చెబుతాడు, నేను కాదంటాను. మా మూలమలుపు ఇరానీ హోటల్ ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. ఆ రెండు వైపుల తలుపులకీ అద్దాలు బిగించి లోపల ఏసీ పెట్టారు. నాయనమ్మ పోయి ఇరవయ్యేళ్ళు దాటింది, శాలిబండ ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నారు.

చార్మినార్ దగ్గర ఇంకో ఇరానీలో కూర్చున్నాం. స్టీలు బల్ల, ప్లాస్టిక్ కుర్చీ. వెయిటర్ ఒడిశా కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. చాయ్ కప్పు చిన్నదైంది. బిస్కెట్ల ప్లేటు మాత్రం అడక్కుండానే వచ్చింది. నేను ఒకటి తీసుకున్నాను. యాదగిరికి షుగర్ ఉంది, నాకు తెలుసు, వాళ్ళావిడ నాకు విడిగా ఫోన్ చేసి మరీ చెప్పింది. వాడు ఒకటి ముంచాడు. తరవాత ఇంకోటి. మూడోది విరిగి కప్పులో పడితే చెంచాతో తవ్వుకున్నాడు. నాలుగోది ముంచకుండా ఉత్తదే తిన్నాడు. నేనేమీ అనలేదు.

లేచి కౌంటర్ దగ్గరికి వస్తుంటే వాడి ఫోన్ మోగింది. ఇంటి నుంచే. కౌంటర్ కుర్రాడు నన్ను, "బిస్కిట్ కిత్నే?" అని అడిగాడు. నేను జేబులో చెయ్యి పెట్టి, నోరు తెరిచేలోపు యాదగిరి ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని "ఒక్కటే తిన్ననే, నీ మీద ఒట్టు, కావాల్నంటే గుంటూరోణ్ణి అడుగు" అంటూ, రెండో చెయ్యి కుర్రాడి ముఖం ముందుకి చాచి ఐదు వేళ్ళూ చూపించాడు.